అద్దంపండు

ముసురు మొదలు

మధ్యమడిలో తెగులు కనిపించింది. కిందటేడు గట్టువార నాలుగు దుబ్బులకు వస్తే పీకి కాల్చేశాం, పీడ వదిలిందనుకున్నాం. ఈసారి మడి నడిమధ్యన ఆకులు తుప్పుపట్టినట్టున్నాయి. ఒక ఆకు తెంచుకొచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. ఇది ఈ నేలలో పుట్టిన బూజు కాదు. ఇక్కడి బూజు మన వరిని ముట్టుకోదు, ముట్టుకున్నా దాని ఆకలి తీరదు. ఇది మాతోపాటు భూమినుంచి వచ్చినదే. విత్తనం పొట్టులో దాక్కుని, ఓడలో ఇంత దూరమొచ్చి, ఇన్నేళ్ళూ పడుకుని ఇప్పుడు లేచింది.

గవర్రాజుగారికి చెప్పాను. మా కొత్తరేవుకు ఆయన పెద్ద. గాదె తాళాలు ఆయన మొలలోనే ఉంటాయి.

“ఎంత పోద్దంటారండీ?” అన్నారు.

“సగం చేతికొస్తే గొప్పేనండీ.”

“మరి అపరాలో?”

“మినుముకీ పెసరకీ ఏమీ అంటలేదండీ.”

ఆయన మొలలో తాళాలు తడుముకున్నారు. “రేపట్నుంచి బియ్యం సగం కొలతండి. వంటశాలలో మీ అక్కగారికి మీరే చెప్పండి. సౌగంధికి మాత్రం తగ్గించొద్దనండి,” అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు.

సౌగంధికి ఆరో నెల. ఇక్కడే పుట్టిన పిల్ల. తల్లి పురిట్లోనే పోతే మా అక్క వరహాలు ఎత్తుకొచ్చి పెంచింది. అక్కా నేనూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. అయినా ఆ పిల్లవల్ల మా ఇంట్లో ఒక కూతురుంది, కిందటేడు అల్లుడొచ్చాడు, ఇప్పుడు మనవడో మనవరాలో రాబోతోంది. సౌగంధి అక్కను అమ్మా అంటుంది, నన్ను పిన్నీ అంటుంది.

మధ్యాహ్నం బడిలో చేతుల పాఠం చెప్పాను. ఏటా ముసురు మొదట్లోనే చెబుతాను, ఎందుకంటే అద్దంపండ్లు పండేది అప్పుడే. బడి వెనకే వంకాయరంగు ఆకుల చెట్లు బారుగా ఉన్నాయి, చేతికందే ఎత్తులో గుత్తులు గుత్తులుగా పండ్లు వేలాడుతుంటాయి. పిల్లల్ని ఆపడం కష్టం.

“రెండు చేతులూ ఎదురెదురుగా పెట్టండి,” అన్నాను. “ఒకేలా ఉన్నాయా?”

“ఉన్నాయి టీచర్!”

“అయితే ఎడమచేతి తొడుగు కుడిచేతికి వేసుకోండి.”

కాసేపు నవ్వులు, పెనుగులాటలు. ఆ తర్వాత చెప్పాను. కార్బన్ పరమాణువుకు నాలుగు చేతులుంటాయి. నాలుగింటా నాలుగు రకాల వస్తువులు పట్టుకుంటే ఆ అణువును రెండు విధాలుగా కట్టొచ్చు. ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మలా ఉంటుంది, ఎంత తిప్పినా ఒకదానిమీద ఒకటి కుదురుకోదు. చక్కెరలు అలాంటివే, ప్రోటీన్లు కట్టే ఇటుకలూ అలాంటివే. భూమ్మీది ప్రాణమంతా ఒక పక్కవి ఎంచుకుంది. ఇక్కడి ప్రాణం రెండో పక్కవి ఎంచుకుంది. అందుకే ఇక్కడి పండు నాలుకకు తీపిగానే తగులుతుంది, కాని దాన్ని విప్పి శక్తి తీసుకునే పనిముట్టు మన ఒంట్లో లేదు. వచ్చినట్టే పోతుంది. ఎక్కువ తింటే మనల్ని కూడా పరుగులు పెట్టిస్తుంది. ఆ మాటకు పిల్లలు పడీపడీ నవ్వారు, ఎందుకంటే ప్రతి తరగతిలోనూ ఆ పరుగు తీసినవాడొకడుంటాడు.

చివర్లో రెండాకులు వాసన చూపించాను. కుండీలో పెంచుకుంటున్న మన పుదీనా ఒకటి, వాగు గట్టున మొలిచే ఇక్కడి మొక్క ఆకు ఒకటి. రెంటిలోనూ వాసననిచ్చే అణువు ఒకటే, కాకపోతే ఒకటి కుడి, ఒకటి ఎడమ. ముక్కుకు ఆ తేడా తెలుస్తుంది. మొదటిది పుదీనా వాసన. రెండోది అచ్చంగా సోయకూర వాసన. మా మేనత్తను కరీంనగర్ వైపు ఇచ్చారు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా సోయకూర కట్టలు తెచ్చి పప్పులో వేసేది, ఇల్లంతా ఆ ఘాటు నిండేది. పిల్లలకు అదంతా ఏం చెబుతాను? “ఇది వాగాకు వాసన టీచర్,” అన్నారు వాళ్ళు. అవును, వాళ్ళకది వాగాకు వాసనే.

ముసురు ముదిరింది

పది మందికి వండే గిన్నెలో ఐదుగురి బియ్యం వేసి, అందరికీ సరిపోయేలా చెయ్యడం మా అక్కకే చెల్లింది. గంజి చిక్కగా కాచి, పెసరపప్పు ఎక్కువ వేసి, వేడివేడిగా పోస్తోంది. ఎవరూ సణగడం లేదు. అందరికీ వడ్డించాక, వంటశాల తలుపు దగ్గరగా వేసి, ఆఖర్న తను తింటుంది. అది చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటే, మా అమ్మ దగ్గర నేర్చుకుంది.

డాక్టర్ జైనబి ఈ వారం సౌగంధిని చూసింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది, ఎదుగుదలే కొంచెం తక్కువగా ఉందట. “భయం లేదు, తిండి తగ్గకుండా చూసుకోండి,” అంది. అక్క పక్కనే ఉంది. సౌగంధి నెత్తిమీద చెయ్యి వేసి నిమిరింది.

ఈ పూట నీళ్ళతొట్టెల దగ్గర నాకు సాయానికి వచ్చింది అక్క. వారానికోసారి తాగేనీళ్ళు పరీక్ష చెయ్యాలి, పులుపెక్కితే కాస్త సున్నం కలపాలి. ఇక్కడి వాననీళ్ళు నిర్భయంగా తాగొచ్చు, ఇక్కడి గుట్టల్లో దొరికే ఉప్పు నిర్భయంగా వాడుకోవచ్చు. నీటికి కుడీ ఎడమా లేదు, ఉప్పుకూ లేదు. ఏ లోకంలోనైనా అవి అవే. మొదట్లో వచ్చినప్పుడు నాకు ఎంత ధైర్యమిచ్చిన సంగతో అది. మా గోదావరి నీళ్ళూ ఈ వాగు నీళ్ళూ ఒకే అణువని తలుచుకుని తాగేదాన్ని.

అక్క దగ్గరగా వచ్చి సున్నం గిన్నె అందిస్తుంటే, దాని ఊపిరిలో ఏదో వాసన తగిలింది. తియ్యగా, ఘాటుగా. ఎక్కడో ఎరిగిన వాసన. పొద్దుపోయేదాకా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించి వదిలేశాను.

“చిక్కిపోయావే,” అన్నాను.

“అందరం చిక్కాం. నీ మొహం అద్దంలో చూసుకున్నావా?” అని శాలువా బిగించి కప్పుకుంది.

ముసురు, ఎడతెగనిది

అక్క పడిపోయింది.

వంటశాలలో పొయ్యి ముందు, చేతిలో గరిటెతో. గిన్నె దింపుతున్న సౌగంధి పెట్టిన కేకకు నేను బడినుంచి పరుగెత్తాను. ఎత్తితే దూదిపింజలా లేచింది. శాలువా జారిపోయింది. మెడకింద ఎముకలు, చేతికి వేలాడుతున్న గాజు, అంతా ఒక్కసారి కనిపించింది నాకు. మొహంలో మొహం పెట్టి పిలుస్తుంటే మళ్ళీ అదే వాసన, ఈసారి గట్టిగా. అప్పుడు గుర్తొచ్చింది. కాలేజీ హాస్టల్లో నా పక్కగది అమ్మాయిలు గోళ్ళరంగు తుడుచుకునే ద్రవం వాసన. అసిటోన్. తినడానికేమీ దొరకనప్పుడు ఒళ్ళు తన కొవ్వును తానే కాల్చుకుంటుంది. ఆ మంటకు పుట్టేది ఊపిరిలో అలా వాసనేస్తుంది.

జైనబి వచ్చి నాడి చూసింది, కళ్ళు చూసింది. నన్ను పక్కకు పిలిచింది.

“ఈమె అసలేం తింటోంది రత్నంగారూ?”

“అందరూ తినేదే.”

“కాదు. ఇది సగం తిండి తిన్న మనిషి ఒళ్ళు కాదు. చాలా రోజులుగా దాదాపు ఏమీ ఒంటబట్టలేదు.”

వంటశాల వెనక్కి వెళ్ళి చూశాను. చెత్తకుండ అడుగున అద్దంపండ్ల తొక్కలు నిండుగా ఉన్నాయి.

అక్క కళ్ళు తెరిచేసరికి దాని పక్కనే కూచుని ఉన్నాను. సౌగంధిని బయటికి పంపించాను.

“పండ్లు తిని బతుకుతున్నావు కదూ?” అన్నాను.

“కడుపు నిండుతోందే.”

“నిండుతుంది. ఒంటికి పట్టదు. నీకు కూడా చేతుల పాఠం చెప్పాలా నేను?”

“నాకు వచ్చు ఆ పాఠం. ఏటా బడి కిటికీ పక్కన పప్పు రుబ్బుకుంటూ వింటున్నదాన్నే. కుడిచెయ్యి, ఎడమచెయ్యి.” నవ్వబోయింది, దగ్గొచ్చింది. “బిడ్డ ఎదగట్లేదంది కదే డాక్టరమ్మ. సౌగంధి కంచంలో నా అన్నం వేశాను. కడుపుతో ఉన్నవాళ్ళకి ఇంకో వంతుంది అని చెప్పాను, నమ్మింది.”

“నాతో చెప్పొచ్చు కదా?”

“చెబితే నువ్వు నీది వేస్తావు. అప్పుడిద్దరం పడిపోతాం.”

దాని దుప్పటి పైకి లాగి సర్దాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

“ఒకటి చెబుతాను, తిట్టకు. ఆ పండు లేతముంజలా ఉంటుందే రత్నం. అచ్చం అంతే. మొదటి రెండ్రోజులు ఆకలికే తిన్నాను. ఆ తర్వాత ఎప్పుడు అందరూ వెళతారా అని చూసుకునేదాన్ని. తలుపేసుకుని, గడపమీద కూచుని, కళ్ళు మూసుకుని తినేదాన్ని. నాన్న కత్తితో కాయ చెక్కుతుంటే మనమిద్దరం మూతి పెట్టి జుర్రుకునేవాళ్ళం చూడు, మొహమంతా, మెడమీదంతా నీళ్ళు కారిపోయి. లంకలో పడవ దిగగానే. అదంతా వచ్చేసేది. ఇక్కడికి వచ్చాక అంత సంతోషంగా నేనెప్పుడూ లేనే.”

ముంజకు పెద్దగా వాసన ఉండదు. చలవ, తీపి, అంతే. అద్దంలో తిప్పినా మారేది ఏమీ లేదు దానిలో. నాకు ఆ సంగతి తెలుస్తూనే ఉంది, కోపం కూడా వస్తూనే ఉంది. అయినా అక్క చెప్పేది ఆపలేకపోయాను. కాయను నాన్న ఏ చేత్తో పట్టుకునేవాడు, పడవవాడి పేరేమిటి, ముంజల తొక్కలతో మేం చేసిన బండికి చక్రాలు ఎన్ని, అన్నీ నేనే అడిగాను. మా నాన్న మొహం ఈమధ్య నాకు సరిగా గుర్తుకు రావడం లేదు. అక్క చెబుతుంటే వచ్చింది.

సౌగంధి తలుపు తోసుకుని వచ్చేసింది. అంతా వింది.

“నా కంచంలో వేసింది నీ అన్నమామ్మా?” అంది. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు. “నువ్వు తింటే నేను తింటా. నువ్వు మానేస్తే నేనూ మానేస్తా. తర్వాత నీ ఇష్టం.”

“పిచ్చిదానా, కడుపుతో ఉండి ఆ మాటలేంటే?”

“నువ్వు నేర్పినవే.”

జైనబి కొలిచి రాసిచ్చినంతే గంజి పట్టించాం. ఒక్కసారిగా పెడితే రక్తంలో లవణాలు తారుమారై గుండె ఆగిపోతుందట. చెమ్చా చెమ్చా పట్టించాలి. ఎంత ఆకలి ఉన్నా మెల్లగానే.

వాన కాస్త తగ్గుముఖం

వరికోత అయింది. సగం కూడా రాలేదు. గవర్రాజుగారు గాదె తలుపు దగ్గర నిలబడి ధాన్యం కొలిచారు. విత్తనానికి తీసిపెట్టింది ముట్టుకోకూడదు. మిగిలినది ఇంత చొప్పున వండుకుంటే వచ్చే పంట దాకా రాదు. అపరాలు ప్రోటీన్ ఇస్తాయి, పని చేసే ఒంటికి కావలసిన శక్తి అంతా వాటినుంచే రావాలంటే అవీ చాలవు. కొలత ఇంకా తగ్గించాలన్నారు ఆయన. అక్క మంచంమీద ఉంది. సౌగంధికి ఎనిమిదో నెల.

అక్క పడుకున్నప్పట్నుంచీ వంటశాల పొయ్యి నా చేతిలో ఉంది. ఇక్కడి కట్టెలు మన కట్టెల్లాగే మండుతాయి. నిప్పుకు కుడీ ఎడమా పట్టదు, ఏ కర్బనమైనా దానికొకటే. తడికట్టె అంటుకోనప్పుడు కింద రెండు మంటకాయలు పెడతాం. బురదనేలల్లో పెరిగే పొట్టిచెట్ల కాయలవి. పగలగొట్టి పెడితే చిటపటమంటూ భగ్గున లేస్తాయి.

ఈ పొద్దున ఒక కాయ సరిగా పగలకుండా పొయ్యి అంచున ఉండిపోయింది. వేడికి దాని పగులులోంచి బొట్లు బొట్లుగా ఏదో కారి, ఇటుకమీద పారి, అక్కడ మెరుస్తోంది. వేలితో తాకాను. జిడ్డు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దుకుంటూ ఎంతసేపు కూచున్నానో, గంజి పొంగిపోయింది.

నూనె అణువును ఎన్నిసార్లు నల్లబల్లమీద గీసి ఉంటాను! పొడుగాటి గొలుసు. గొలుసులో ప్రతి కార్బన్‌కూ అటొక కార్బన్, ఇటొక కార్బన్, మిగిలిన రెండు చేతుల్లోనూ ఒకే వస్తువు, హైడ్రోజన్. నాలుగు చేతుల్లో రెంటికి ఒకే వస్తువుంటే ఇంక కుడీ ఎడమా ఎక్కడిది? అద్దంలో పెట్టినా అదే గొలుసు. అలాంటి మూడు గొలుసుల్ని కలిపి పట్టుకునే గ్లిసరాల్‌కు కూడా రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. ఇక్కడి చక్కెర మనది కాదు, ఇక్కడి ప్రోటీన్ మనది కాదు. ఇక్కడి నూనె మాత్రం మన నూనే. మన ఒళ్ళు దాన్ని గుర్తుపడుతుంది, విప్పుకుంటుంది, కాల్చుకుంటుంది. అన్నంకంటే రెండింతలకు పైగా శక్తి ఇస్తుంది.

ఇన్నేళ్ళూ దాన్ని పొయ్యిలో పడేస్తున్నాం.

ఎందుకు పడేస్తున్నామో కూడా నాకు తెలుసు. అందుకే గవర్రాజుగారి ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. వచ్చిన మొదటి ఏడు ఆయన తమ్ముడు ఆ గింజలు వేయించుకుని తిన్నాడు. జీడిపప్పులా ఉన్నాయన్నాడట. తెల్లారేసరికి పోయాడు. అప్పట్నుంచీ మంటకాయ పొయ్యికే అని కట్టుబాటు.

చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు.

“ఆ కాయ పేరు నా దగ్గర ఎత్తకండి టీచరుగారూ.”

“మీ తమ్ముడు తిన్నది గింజండీ. నేనడిగేది నూనె.”

“నూనె గింజలోంచి కాకపోతే ఆకాశంలోంచి వస్తదాండీ?”

“ఆముదం గింజలు నాలుగు నమిలితే మనిషి దక్కడు. అదే గింజల ఆముదం మన ముసలమ్మలు చంటిపిల్లలకి పట్టేవారు కదండీ. విషమంతా పిప్పిలోనూ, కాచిన నీళ్ళలోనూ ఉండిపోతుంది. నూనెలోకి రాదు. ఇదీ అలాగేనేమో చూద్దామంటున్నాను.”

ఆయన మొహంలో ఏదో కదిలింది. “మా నాయనమ్మ ముక్కు మూసి పట్టేదండి, నాకూ మావాడికీ,” అన్నారు. “నేను మింగేసేవాణ్ణి. వాడు ఉమ్మేసేవాడు. తిన్నగా నా చొక్కా మీద.” చొక్కా ముందుభాగం చేత్తో తుడుచుకున్నారు. “ముందు కోళ్ళకి పెట్టండి. అవి నిలబడితే తర్వాత నాకు. మీకు కాదు. మీరు పోతే పాఠాలెవరు చెబుతారు?”

“కనిపెట్టింది నేనండీ.”

“పోయింది నా తమ్ముడండీ,” అన్నారాయన.

తెరిపి

ఆముదం వండడం నేను చూడలేదు. అక్క చూసింది. నాకంటే ముందు పుట్టినందుకు దానికి అమ్మమ్మ ఎక్కువ దక్కింది. వంటశాల గుమ్మంలో నులకమంచం వేయించుకుని, దిండుకు ఆనుకుని, అక్కణ్ణుంచి హుకుంలు జారీ చేసింది.

“దోరగా వేయించవే, మాడ్చకు. ఆఁ, ఇప్పుడు దంచు. ఇంకా మెత్తగా. చేతులు నొప్పి పుడుతున్నాయా? అమ్మమ్మ డెబ్బయ్యేళ్ళప్పుడూ దంచేది.”

దంచిన ముద్దను పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి మరిగించాం. నేను చెప్పేది నేను చెబుతూనే ఉన్నాను. నీళ్ళ అణువుకు ఒక కొస ధనం, ఒక కొస ఋణం, అందుకని తనలాంటివాటినే దగ్గరికి రానిస్తుంది. నూనె గొలుసుకు ఆ కొసలు లేవు, అందుకని నీళ్ళు దాన్ని బయటికి నెట్టేస్తాయి, పైకి తేలుతుంది. నీళ్ళతో కలిసేదంతా, విషంతో సహా, కిందే ఉండిపోవాలి.

“అమ్మమ్మకి ఈ కొసల గొడవ తెలీదు కానీ నూనె మాత్రం తేలేది,” అంది అక్క.

తేలింది. మొదట నురగ, తర్వాత నురగకింద బంగారు రంగు తెట్టు. గరిటెతో తీసి వేరే గిన్నెలో పోసి, మళ్ళీ నీళ్ళుపోసి కాచి, మళ్ళీ తీశాం. నీళ్ళు తేటగా వచ్చేదాకా అలా చేస్తూనే ఉన్నాం. చివర్న తడి పోయేలా సన్నమంటమీద కాచాం. ఆ గింజలో విషం ఏమిటో నాకిప్పటికీ తెలియదు. పారబోసిన నీళ్ళు తాగిన కోడిపెట్ట ఒకటి చచ్చిపోయింది, నూనె కలిపిన మేత తిన్నవి బలిసి, మానేసిన గుడ్లు మళ్ళీ పెట్టాయి. అంతవరకు తెలుసు.

గవర్రాజుగారు వచ్చి, చెప్పులు బయట విడిచి, వంటశాలలో పీట వేసుకుని కూచున్నారు. జైనబి పక్కనే ఉంది. చెమ్చాడు నూనె ఆయన చేతికిచ్చాను. ఆయన ముక్కు మూసుకుని మింగేశారు. తర్వాత అక్కా జైనబీ నేనూ ఆయన మొహంలోకి చూస్తూ కూచున్నాం. ఆయన చాలాసేపు తమ్ముడి కబుర్లు చెప్పారు. కాలవలో ఈత, సైకిల్‌మీద సినిమాకు వెళ్ళి చైను తెగి నడిచిరావడం, ఓడ ఎక్కేటప్పుడు వాడే ముందు ఎక్కడం. ఇన్నేళ్ళలో ఆ పేరు ఆయన నోట మేం వినలేదు. కడుపులో ఏ బాధా రాలేదు. మర్నాడు కూడా రాలేదు. ఆ పై రోజుల్లో కొలత కొంచెం కొంచెం పెంచుతూ పోయాం.

కొత్తరేవు కొత్తరేవంతా బురదనేలల్లో పడింది కాయలు ఏరడానికి.

ఎండ వచ్చిన వారం

ఈ పూట గారెలు వేశాం.

నూనె గంజిలో కలిపి తాగడం మొదలుపెట్టి చాలా రోజులైంది, అందరి బుగ్గలూ కాస్త కాస్తగా నిండుతున్నాయి. అక్క కర్ర పట్టుకుని నడుస్తోంది. “బాండీడు నూనె కాగబెడితే వింటాను, ఆ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో,” అంది. ఇక్కడికి వచ్చాక నూనెను మందులా చెమ్చాతో పంచుకున్నవాళ్ళమే తప్ప, దేన్నీ నూనెలో వేయించినవాళ్ళం కాదు. గవర్రాజుగారు ఒప్పుకున్నారు, ఒక్క పూటకి.

మినప్పిండి అక్కే తట్టింది. తడిచెయ్యి, ఆకుమీద ముద్ద, మధ్యలో వేలితో చిల్లు. మొదటి గారె నూనెలోకి జారగానే సుయ్యిమంది. ఆ చప్పుడుకు పెద్దవాళ్ళందరూ ఒక్కసారిగా తలలు తిప్పారు. మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆపేశారు. ఇక్కడ పుట్టినవాళ్ళు మాత్రం భయపడి వెనక్కి జరిగారు. సౌగంధి మొగుడైతే పెళ్ళాన్ని చెయ్యిపట్టి లాగేశాడు, పేలుతుందేమోనని.

“పేలదు నాయనా, తింటావు,” అంది అక్క.

వాసన గుమ్మం దాటింది. ఎర్రగా వేగి పైకి తేలిన గారె తీసి, అక్క ముందు గవర్రాజుగారికిచ్చింది. ఆయన దాన్ని చల్లారనివ్వకుండా తిని, గోడవైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత అందరికీ తలా రెండు. నేను నావి మెల్లగా తిన్నాను. పైన కరకర, లోపల మెత్తన, నాలుక కాలింది. ఏమీ మారలేదు వాటిలో. మా అమ్మ వేసినవే అవి.

పక్కన కూచున్న ఒక పాప సగం తిని, “ఇది భూమి తిండా టీచర్?” అని అడిగింది.

“మినుములు భూమివి, నూనె ఇక్కడిది,” అన్నాను.

విత్తనాల కాలం

విత్తనం శుద్ధి చేసి, వేడినీళ్ళలో ముంచి తీసి, కొత్త మడుల్లో చల్లాం. ఇప్పటిదాకా మొలక పచ్చగానే ఉంది. తెగులు మళ్ళీ రావచ్చు. వచ్చినా పస్తు పడుకోనక్కర్లేదు.

సౌగంధికి ఆడపిల్ల పుట్టింది. తేలిగ్గానే ప్రసవమైందని జైనబి చెప్పింది, తేలిగ్గా కాదని సౌగంధి చెప్పింది. బరువు బాగుంది. గొంతు ఇంకా బాగుంది.

ఈ ఉదయం అక్క పీట వాల్చుకుని పెరట్లో కూచుంది. చీర మోకాళ్ళపైకి దోపుకుని రెండు కాళ్ళూ బారచాపింది. “తేండే దాన్ని,” అంది.

“ఏం చేస్తావమ్మా?” అంది సౌగంధి.

“నీళ్ళు పోస్తాను. తే.”

“నీ కాళ్ళు ఆగుతాయా?” అన్నాను నేను.

“చూడు, ఆగుతాయో లేదో,” అని పిక్కలు తట్టి చూపించింది. ముసురులో కర్రపుల్లల్లా ఉన్న కాళ్ళకు ఇప్పుడు కొంచెం కండ పట్టింది.

బిడ్డను కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టుకుంది. గోరువెచ్చని నూనె చేతిలో పోసుకుని వీపంతా రాసింది. వెల్లకిలా తిప్పి మాడుకు అద్ది, చేతులూ కాళ్ళూ అడ్డంగా ఐమూలగా చాచి మడిచి, ముక్కు దూలం వేళ్ళతో పైకి లాగింది. పెసరపిండి రుద్దింది. నేను చెంబుతో వేణ్ణీళ్ళు అందిస్తుంటే, చేతిని దొప్పలా పెట్టి కళ్ళల్లో పడకుండా పోసింది. బిడ్డ ఊరు లేచేలా ఏడ్చింది.

“మరీ గట్టిగా పోస్తున్నావేమోనమ్మా,” అని సౌగంధి కంగారుపడింది. ఇలాంటిది ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు.

“నీకు తెలీదు, ఊరుకో. నీకిలా పొయ్యాలని ఎంత అనుకున్నానో. నీకప్పుడు చుక్క నూనె దొరకలేదే తల్లీ. వట్టి నీళ్ళు పోశాను. నీ వీపు గరగరలాడుతుంటే నాకెంత బాధగా ఉండేదో!”

సౌగంధి వచ్చి అక్క వెనకాల నేలమీద కూచుని, దాని భుజానికి తల ఆనించింది.

తుడిచి, పాత చీరముక్కలో చుట్టి, అక్క మళ్ళీ కాళ్ళమీదే పడుకోబెట్టుకుని మెల్లగా ఊపింది. ఏడుపు వెక్కిళ్ళయింది, వెక్కిళ్ళు ఆగిపోయాయి, పిడికిళ్ళు విచ్చుకున్నాయి. తడి వెంట్రుకలు నూనెతో నల్లగా మెరుస్తున్నాయి. పొద్దుటి ఎండ పెరట్లోకి వాలింది.

“కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఇలా ఇవ్వు, లోపల పడుకోబెడతాను,” అన్నాను.

“తిమ్మిరెక్కితే ఎక్కనీ,” అంది అక్క. “ఇప్పుడే నిద్రపట్టింది.”

నేను చెంబు పక్కన పెట్టేసి దాని పక్కనే కూచున్నాను.